ఇంట్లో పాట రికార్డు చేసుకోవడానికి తక్కువ ధరలో మైకు ఎంచుకోవడం ఎలా

మైకు కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు. మీరు పాడబోయే గదిలో, పాడబోయే వేళకే, ఫ్యాన్ ఆపి, తలుపులూ కిటికీలూ మూసి ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేయండి. ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదు. చివర్లో గట్టిగా ఒకే ఒక్క చప్పట కొట్టి ఆపేయండి. ఇప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

ఫ్రిజ్ గుర్రుమనడం, పక్క వాటాలో మిక్సీ, కింద నీళ్ల మోటారు, వీధిలో కూరగాయల బండి స్పీకరు, ఇన్వర్టర్ జుయ్యిమనడం, అన్నీ బయటపడతాయి. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఫోన్ రికార్డర్ తనంతట తానే లెవెల్ పెంచేస్తుంది కాబట్టి ఇవి ఉన్నదానికన్నా పెద్దగానే వినిపిస్తాయి. ఫరవాలేదు, ఏయే చప్పుళ్లున్నాయో తెలిస్తే చాలు. చప్పట దగ్గర మాత్రం చెవి పెట్టి వినండి. 'టప్' అని అక్కడితో ఆగిపోతే గది మంచిది. 'టర్ర్‌ర్' మంటూ గోడల మధ్య మోగితే, మీ పాటలో ప్రతి అక్షరం వెనకా ఆ మోత ఉంటుంది. ఆ మోతను తర్వాత సాఫ్ట్‌వేర్‌తో శుభ్రంగా తీసేయడం చాలా కష్టం.

కింద గ్రానైటో టైల్సో, చుట్టూ నున్నటి సిమెంటు గోడలు, పైన స్లాబు. మన ఇళ్లలో గదులు చాలావరకు మోగే గదులే. అమెరికాలో చెక్క ఇళ్లలో, కార్పెట్ పరిచిన గదుల్లో పాడేవాళ్లు చెప్పే సలహాలు ఇక్కడ నేరుగా పనికిరాకపోవడానికి కారణం ఇదే. అక్కడ బాగా పలికిన మైకు ఇక్కడ మూడు బెడ్‌రూముల ఫ్లాటులో బాత్రూములో పాడినట్టు వినిపిస్తే తప్పు మైకుది కాదు.

కండెన్సరా, డైనమిక్కా

పాటకి పనికొచ్చే చవక మైకులు రెండు రకాలు. కండెన్సర్ మైకు పొర పలచన, స్పందన వేగం. ఊపిరి, గమకంలోని సన్నటి కదలిక, అక్షరం అంచులు స్పష్టంగా పట్టుకుంటుంది. పనిచేయాలంటే కరెంటు కావాలి, సాధారణంగా మైకు కేబుల్ ద్వారానే అందే 48 వోల్టుల ఫాంటమ్ పవర్. డైనమిక్ మైకులో పొరకి అంటించిన తీగచుట్ట అయస్కాంతం మధ్య కదులుతుంది. దీనికి కరెంటు అక్కర్లేదు, కింద పడ్డా తట్టుకుంటుంది. కాకపోతే పైస్థాయి మెరుపు కొంచెం తక్కువ.

డైనమిక్ మైకు బయటి చప్పుళ్లని వదిలేస్తుందని అందరూ అంటారు. అది సగమే నిజం. రెండూ కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్ని ఎక్కువగా, వెనక వైపుది తక్కువగా పట్టే) రకమే అయి, రెండూ నోటికి ఒకే దూరంలో ఉంటే, గది చప్పుడు పాటతో పోల్చితే రెండింటిలోనూ ఇంచుమించు ఒకే పాళ్లలో పడుతుంది. తేడా అంతా దూరంలో ఉంది. డైనమిక్ మైకుని నోటికి 5 సెంటీమీటర్ల దగ్గర పెట్టి పాడొచ్చు, అది అలా వాడటానికే చేసింది. కండెన్సర్‌ని అంత దగ్గర పెడితే ఊపిరి బుస్సుమంటుంది, కింది స్వరాలు ఉబ్బిపోతాయి. కాబట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు వెనక్కి జరగాలి. దూరం సగమైన ప్రతిసారీ మైకుని చేరే గొంతు 6 డీబీ (డెసిబెల్, శబ్దాన్ని కొలిచే కొలత) పెరుగుతుంది, గది మోత మాత్రం అంతే ఉంటుంది. 20 నుంచి 5 సెంటీమీటర్లకు వస్తే 12 డీబీ లాభం. మోగే గదిలో ఆ 12 డీబీయే పాటను కాపాడుతుంది.

కాబట్టి లెక్క ఇలా తేల్చుకోండి. గది మోగుతోంది, వీధి చప్పుడు ఉంది, పరుపులూ దుప్పట్లూ కట్టుకునే ఓపిక లేదు అంటే డైనమిక్ తీసుకోండి. గదిని కొంత మెత్తబరచగలరు, రాత్రి పది దాటాక పాడగలరు, గొంతు సున్నితం, లలిత సంగీతమో కృతులో పాడతారు అంటే కండెన్సర్‌తో వచ్చే సుఖం వేరు. అనుమానంగా ఉంటే డైనమిక్‌కే వెళ్లండి. డైనమిక్‌లో తగ్గిన మెరుపును ఈక్వలైజర్‌తో 8 నుంచి 10 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు మూడు డీబీలు పెంచి కొంత రాబట్టుకోవచ్చు. కండెన్సర్‌లో పడిపోయిన గది మోతను అలా తీసేయలేరు.

మైకు డబ్బా మీద 'సెల్ఫ్ నాయిజ్' అని ఒక అంకె ఉంటుంది. దాని గురించి బెంగ పెట్టుకోకండి. ఆడియో టెక్నికా ఏటీ2020కి అది 20 డీబీ, దానికన్నా ఖరీదైన రోడ్ ఎన్‌టీ1 అయిదో తరం మైకుకి 4 డీబీ. కాగితం మీద చాలా తేడా. కానీ బాగా నిశ్శబ్దంగా ఉందనుకునే పడకగదిలోనే 30 డీబీ చుట్టుపక్కల చప్పుడు ఉంటుంది. మైకు సొంత చప్పుడు దాని కింద ఎక్కడో మునిగిపోతుంది. ఆ తేడాకి పెట్టే డబ్బుని స్టాండు, పాప్ ఫిల్టరు (నోటి గాలి మైకుకి కొట్టకుండా ఆపే జాలీ), మంచి హెడ్‌ఫోన్స్ మీద పెడితే పాటలో వినిపిస్తుంది.

యూఎస్‌బీ మైకా, ఇంటర్‌ఫేస్‌తో పెట్టే మైకా

యూఎస్‌బీ మైకు నేరుగా లాప్‌టాప్‌కి గుచ్చేయొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఓటీజీతో చాలావరకు పనిచేస్తుంది, ఐఫోన్ 15 నుంచి టైప్-సి కేబుల్ సరిపోతుంది. ఖర్చు తక్కువ, తంటా తక్కువ. ఒక్క గొంతే రికార్డు చేస్తారు, కరోకే ట్రాక్ మీద పాడతారు అంటే ఇంతకన్నా అవసరం లేదు. కొనేటప్పుడు మైకుకే హెడ్‌ఫోన్ జాక్ ఉందా అని తప్పక చూడండి. అది లేకపోతే మీ గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగొచ్చేసరికి ఆలస్యమవుతుంది, తాళం తప్పుతుంది. జాక్ ఉంటే గొంతు ఆలస్యం లేకుండా నేరుగా చెవిలో వినిపిస్తుంది.

వీణో వయొలినో తబలానో తోడు రికార్డు చేసే ఆలోచన ఉంటే ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల) మైకు, దాన్ని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేసు పెట్టె తీసుకోండి. రెండు యూఎస్‌బీ మైకుల్ని ఒకే కంప్యూటర్‌లో ఒకేసారి రికార్డు చేయడం చాలా అవస్థ, దేని గడియారం దానిదే కాబట్టి పాట చివరికొచ్చేసరికి రెండు ట్రాకులూ పక్కకు జరిగిపోతాయి.

రెంటికీ మధ్యన ఒక దారి ఉంది, మొదటిసారి కొనేవాళ్లకి అది మంచిది. సామ్సన్ క్యూ2యూ, ఆడియో టెక్నికా ఏటీఆర్2100ఎక్స్ అనే రెండు డైనమిక్ మైకులకు యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ ఉన్నాయి, హెడ్‌ఫోన్ జాక్ కూడా ఉంది. ఇవాళ లాప్‌టాప్‌కి గుచ్చుకుని, రేపు ఇంటర్‌ఫేసు కొన్నాక అదే మైకును దానికి పెట్టుకోవచ్చు.

ఇంటర్‌ఫేసు తీసుకుంటే గెయిన్ చూసుకోవాలి

డైనమిక్ మైకు నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది. దాన్ని ఇంటర్‌ఫేసు ఎంత పెంచుతుందో అదే గెయిన్. ష్యూర్ ఎస్‌ఎం58, అంటే 1966 నుంచి వస్తున్న, కచేరీ వేదికల మీద కనిపించే ఆ గుండ్రటి జాలీ మైకు, 94 డీబీ శబ్దానికి ఇచ్చేది 1.85 మిల్లీవోల్టులు. అదే శబ్దానికి ఏటీ2020 ఇచ్చేది 14 మిల్లీవోల్టులు, ఏడున్నర రెట్లు. అంటే డైనమిక్‌కి ఇంటర్‌ఫేసులో దాదాపు 18 డీబీ గెయిన్ ఎక్కువ తిప్పాలి. చవక ఇంటర్‌ఫేసుల్లో నాబ్ చివరికంటా తిప్పితే ఆఖరి మలుపులో 'స్స్‌స్' మనే హిస్ లేస్తుంది.

దీన్ని చూసి డైనమిక్ వద్దనుకోనక్కర్లేదు. నోటికి దగ్గరగా పెట్టుకుని, గొంతు విప్పి పాడేవాళ్లకి 40 నుంచి 45 డీబీ గెయిన్‌తో పని జరిగిపోతుంది, దాన్ని ఏ ఇంటర్‌ఫేసైనా ఇస్తుంది. జోలపాటలా మెత్తగా పాడేవాళ్లకే ఇబ్బంది. వాళ్లు గెయిన్ 55 డీబీ దాటి ఉన్న ఇంటర్‌ఫేసు చూసుకోవాలి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో మూడో తరంలో 56 డీబీ, ఆడియంట్ ఈవో4లో 58 డీబీ ఉంది. లేదంటే కండెన్సర్‌కి మారాలి. ఇదే కారణానికి, పాడ్‌కాస్టుల వీడియోల్లో అందరి ముందూ కనిపించే ష్యూర్ ఎస్‌ఎం7బీ తక్కువ బడ్జెట్ వాళ్లకి పనికిరాదు. దానికి 60 డీబీ గెయిన్ కావాలి, మైకు ఖరీదుకి తోడు ఇంటర్‌ఫేసు ఖరీదూ పెరుగుతుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి

మొత్తం బడ్జెట్‌లో మైకుకి సగానికి మించి ఖర్చు పెట్టకండి. మిగతా సగంలో బూమ్ స్టాండు, పాప్ ఫిల్టరు, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్, ఇంటర్‌ఫేసు ఉంటే 3 మీటర్ల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ రావాలి. చేత్తో పట్టుకుని పాడితే ప్రతి వేలి కదలికా రికార్డవుతుంది, ప్రతి లైనుకీ దూరం మారుతుంది. స్టాండు లేకుండా మంచి మైకు కొన్నా ఫలితం ఉండదు.

బాగా తక్కువలో కావాలంటే బెరింగర్ ఎక్స్‌ఎం8500 డైనమిక్ చూడండి. ప్లాస్టిక్ పెట్టెలో వస్తుంది, ధరకి తగ్గ పని చేస్తుంది, గొంతు మధ్యస్థాయిని నిండుగా పలికిస్తుంది. ఇంటర్‌ఫేసు కొనే ఉద్దేశం లేకపోతే పైన చెప్పిన రెండు యూఎస్‌బీ డైనమిక్‌ల్లో ఒకటి. ఇంకొంచెం పెట్టగలిగితే ఎస్‌ఎం58. ఏళ్ల తరబడి పాడవదు, రేపు అమ్మినా ధర వస్తుంది. గది బాగుంటే ఏటీ2020. ఇక్కడ ఒక మాట. చవక కండెన్సర్లలో చాలావాటికి 8 నుంచి 12 కిలోహెర్ట్జ్ దగ్గర కావాలని పెట్టిన ఉబ్బు ఉంటుంది. షాపులో అది 'క్లియర్'గా అనిపిస్తుంది. ఇంట్లో పాటంతా విన్నాక స, శ, చ దగ్గర చెవిలో గుచ్చుతుంది. సన్నటి గొంతు ఉన్న ఆడవాళ్లు, పిల్లలు కండెన్సర్ కొనేముందు స, శ ఎక్కువగా ఉన్న చరణం ఒకటి పాడి విని చూడాలి.

కొనకూడనివి కొన్ని ఉన్నాయి. బీఎం-800 అనే పేరుతో స్టాండు, ఫోము, చేంతాడంత వైరు అన్నీ కలిపి వచ్చే కిట్‌లో మైకు కన్నా ఆ వైరుతోనే గొడవ. ఒక చివర ఎక్స్‌ఎల్‌ఆర్, ఇంకో చివర 3.5 ఎంఎం పిన్ను. లాప్‌టాప్ మైకు రంధ్రంలో పెడితే హిస్, కంప్యూటర్ లోపలి కిచకిచలు పాటతో పాటు వస్తాయి. ఎకో, నవ్వులు, చప్పట్ల బటన్లున్న లైవ్ సౌండ్ కార్డులు కూడా లైవ్‌లో సరదాకే, రికార్డింగ్‌కి కాదు. డబ్బా మీద '192 కిలోహెర్ట్జ్' అని పెద్ద అక్షరాలతో ఉంటే మోసపోకండి, పాటకి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ చాలు.

ఎస్‌ఎం58కి నకిలీలు విపరీతంగా ఉన్నాయి. అసలుది 298 గ్రాములు తూగుతుంది, వంటింటి త్రాసు మీద పెట్టి చూడొచ్చు. చాలా తేలిగ్గా ఉంటే అనుమానించండి. ధర మిగతా షాపుల్లో సగమే చెబితే ఇక తూచే పని కూడా లేదు. కంపెనీ డీలరు దగ్గర బిల్లుతో తీసుకోండి. స్టాండు, కేబుల్, జాక్‌ల వరకు హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట్ల బేరమాడి తీసుకోవచ్చు.

ఇంట్లో భజనలకో ఫంక్షన్లకో వాడిన పాత వైరు మైకు ఉంటే పారేయకండి, దాని అడుగు చూడండి. మూడు పిన్నులున్న సాకెట్ కనిపిస్తే అది చాలావరకు రికార్డింగ్‌కి కూడా పనికొస్తుంది. చిక్కు దాని కేబుల్‌తో. అలాంటి వాటితో వచ్చే వైరుకి రెండో చివర లావు పి-38 జాక్ ఉంటుంది. దాన్ని ఇంటర్‌ఫేసులో గిటారు రంధ్రంలో పెడితే లెవెల్ చాలదు, హమ్ మాత్రం వస్తుంది. రెండు వైపులా ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న కేబుల్ కొనుక్కుని మైకు ఇన్‌పుట్‌లో పెట్టండి, అదే మైకు వేరే మైకులా పలుకుతుంది.

మైకు పెట్టడం, లెవెల్ పెట్టడం

కార్డియాయిడ్ మైకు అన్నిటికన్నా తక్కువ వినేది దాని వీపు వైపు నుంచి. కాబట్టి కిటికీ, ఫ్రిజ్, కంప్యూటర్ ఏది చప్పుడు చేస్తే అది మైకు వీపు వెనక ఉండాలి. అంటే మీరు కిటికీ వైపు ముఖం పెట్టి పాడాలి. మైకు చూసే వైపు, అంటే మీ వీపు వెనక, మెత్తటిది ఉండాలి. మంచం మీది పరుపుని గోడకి నిలబెట్టండి, లేదా తాడు కట్టి రెండు బొంతలు ఒకదాని మీద ఒకటి వేలాడదీయండి. బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు నిలబడినా చాలా తేడా వస్తుంది. గుడ్ల అట్టలు అంటించడం వృథా, అవి మోతను ఆపవు. గదికి సరిగ్గా నడిమధ్యన నిలబడొద్దు, గోడకి ఆనుకుని కూడా వద్దు.

డైనమిక్ అయితే నోటికి నాలుగు వేళ్ల దూరం. కండెన్సర్ అయితే చెయ్యి చాపి బొటనవేలు, చిటికెనవేలు విప్పితే వచ్చే జానెడు. కండెన్సర్‌కి ముందు, పాప్ ఫిల్టరు నోటికి మైకుకి మధ్య సగం దూరంలో. ప, బ, ఫ, భ దగ్గర 'ధప్' మని కొడుతోందా? మైకుని నోటికి ఎదురుగా కాకుండా ముక్కు ఎత్తులో పెట్టి కాస్త కిందికి వంచండి, గాలి దాని కింద నుంచి పోతుంది. స, శ గుచ్చుతుంటే మైకుని 20, 30 డిగ్రీలు పక్కకి తిప్పండి. ఈ రెండూ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో దిద్దడం కన్నా ఇక్కడే సరిచేసుకోవడం మేలు.

గెయిన్ పెట్టేటప్పుడు పల్లవి మెల్లగా పాడి పెట్టేసుకుంటారు, చరణంలో తారస్థాయికి వెళ్లేసరికి ఎర్ర లైటు వెలుగుతుంది, గొంతు చిరుగుతుంది. పాటలో అన్నిటికన్నా పైకి వెళ్లే చోటు ముందు పాడండి. అక్కడ మీటరు మైనస్ 10 డీబీ దగ్గర ఆగేలా పెట్టి ఇక ముట్టుకోకండి. 24 బిట్‌లో మెల్లగా పాడిన భాగాలు ఎంత చిన్నగా పడినా తర్వాత పెంచుకోవచ్చు. పైస్వరంలో తల కొంచెం వెనక్కి తీయడం కచేరీ గాయకులకి అలవాటే, ఇంట్లోనూ చేయండి, నాలుగు వేళ్లు చాలు.

దగ్గరగా పాడితే కింది స్వరాలు లావవుతాయి. దాన్ని తగ్గించడానికి లో-కట్ ఫిల్టరు (ఒక హద్దుకి కింద ఉన్న శబ్దాన్ని కోసేసేది) ఎక్కడ పెట్టాలో శ్రుతిని బట్టి లెక్కేయొచ్చు. మగవాళ్లు 1 శ్రుతిలో పాడితే షడ్జం 131 హెర్ట్జ్, మంద్ర పంచమం 98. కాబట్టి 80 దగ్గర కోస్తే పాటకి నష్టం లేదు. ఆడవాళ్లు 5 శ్రుతిలో పాడితే షడ్జం 196, మంద్ర పంచమం 147. 100 నుంచి 110 దాకా కోయొచ్చు. ఫ్యాన్ గాలి, రోడ్డు మీద లారీల రొద చాలావరకు దాని కిందే ఉంటాయి.

తంబురా యాప్, కరోకే ట్రాక్ స్పీకర్లో పెట్టి పాడొద్దు, అది గొంతు ట్రాకులో కలిసిపోతే మళ్లీ శుభ్రంగా విడదీయడం కష్టం. హెడ్‌ఫోన్స్‌లోనే వినండి, అదీ వైరుది. బ్లూటూత్‌లో సెకనులో పదో వంతుకు పైగా ఆలస్యం ఉంటుంది, తాళం నిలవదు. ఒక చెవి తెరిచి పాడే అలవాటుంటే ఆ రెండో కప్పుని తలకి ఒత్తి పెట్టుకోండి, గాల్లో వదిలేస్తే ట్రాకు కారుతుంది. రికార్డింగ్‌కి ఆడాసిటీ ఉచితం, సరిపోతుంది. ఎకో, రివర్బ్ వేసి రికార్డు చేయకండి, పచ్చిగా రికార్డు చేసి తర్వాత వేసుకోండి.

చప్పుడొస్తే ఎక్కడ వెతకాలి

'హుమ్' మని సన్నగా ఒకే శ్రుతిలో వస్తుంటే అది 50 హెర్ట్జ్ కరెంటు. లాప్‌టాప్ ఛార్జరు పీకండి. ఆగిపోతే తప్పు ఎర్తింగ్‌ది, మూడో పిన్ను సరిగ్గా లేని సాకెట్టుది. పాడేంతసేపూ బ్యాటరీ మీద నడపండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు ఇది ఇంకా ఎక్కువవుతుంది. 'టిక్ టిక్ బుర్ర్' మంటే పక్కనున్న ఫోను, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఆగి ఆగి చిటపటలు వస్తే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో బఫర్ సైజు 128 నుంచి 256కి పెంచండి. మైకు స్టాండు తాకినప్పుడల్లా 'బుడుంగు' మంటే స్టాండు కాళ్ల కింద మడిచిన కంబళి పరవండి.

విశాఖపట్నం, కాకినాడ వైపు సముద్రపు గాలిలో కండెన్సర్ మైకులు తేమ పట్టి పేలాలు వేగినట్టు చిటపటమంటాయి. మైకు పాడైందనుకుని పారేయకండి, రెండ్రోజులు మూత గట్టిగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో పెట్టి మళ్లీ చూడండి. వాడనప్పుడు స్టాండు మీద వదిలేయకుండా అలాగే డబ్బాలో పెట్టడం మంచిది. డైనమిక్‌కి ఈ బాధ దాదాపు లేదు.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు వాపసు గడువు లోపల ఇవన్నీ పరీక్షించాలి. మైకు వచ్చిన రోజే పెట్టె చించేయకుండా జాగ్రత్తగా విప్పండి. గెయిన్ మీరు పాడే లెవెల్‌లో పెట్టి 30 సెకన్లు ఖాళీగా రికార్డు చేసి హిస్ వినండి. తర్వాత 'పప్పు, బాబు, భక్తి, ఫలం' అని, 'సరస్సు, సంతోషం, శిష్యుడు' అని చదవండి. తర్వాత ఒకే పల్లవిని నాలుగు వేళ్ల దూరంలో ఒకసారి, జానెడు దూరంలో ఒకసారి పాడండి. పాడుతున్నప్పుడు కేబుల్‌ని మైకు దగ్గర అటూ ఇటూ కదపండి, 'కర్ర్' మంటే ముందు కేబుల్ మార్చి చూడండి. అప్పటికీ ఆ చప్పుడు పోకపోయినా, 30 సెకన్ల ఖాళీ రికార్డింగ్‌లో హిస్ మీ మెత్తటి స్వరాలకి అడ్డొచ్చేంత ఉన్నా, ఆ మైకు వెనక్కి పంపించేయండి.